నలుపు తెలుపు రీలు: దేనిని కొనవలెను, ఎచ్చటఁ గడిగింపవలెను



నేఁడు నేను మీతో ముచ్చటింపఁదలఁచిన విషయము చూచుటకు మిక్కిలి చిన్నది. కెమెరాలో వేయు నలుపు తెలుపు రీలును ఎట్లు ఎన్నుకొనవలెను, దానిని పట్టణములోని మామూలు కలరు ల్యాబులో కడిగింపవచ్చునా కూడదా అనునదియే నేఁటి ప్రసంగము. సెల్‌ఫోనుతో క్షణములో బొమ్మ తీయఁగల యీ కాలమున రీలుతో పనియేమని మీలో కొందఱు తలంపవచ్చును. ఆ మాట సమంజసమే. దినదినమును తీసికొను బొమ్మలకు ఫోను చాలును. కాని యిటీవల కొందఱు యువకులు తాతలనాఁటి కెమెరాలను పెట్టెలలోనుండి తీసి, తుడిచి, వానిలో మరల రీలు వేయుచున్నారు. పట్టణమునుండి వచ్చిన మనుమఁడు అట్టి కెమెరాతో అరుగుమీఁది ముత్తవ్వను, దొడ్డిలోని యెద్దులను, నేఁడో రేపో కూలఁబోవు పాత మండువాయింటిని బొమ్మ తీసికొనిపోవుట జరుగుచునే యున్నది. ఆ బొమ్మలకై యెదురుచూచువారు ఇంటి పెద్దలే. ఆ రీలు చెడినచో విచారించువారును వారే. కాఁబట్టి యీ విషయము పెద్దలెఱిఁగి పిల్లలకుఁ జెప్పుట మంచిది.

నేను చెప్పవలసిన ముఖ్యమైన మాట యొక్కటియే. రీలు కొనుటకు ముందే అది ఎవరిచేత, ఏ మందునీళ్లలో కడుగఁబడునో తెలిసికొనవలెను. విత్తనము కొనుటకు ముందు నేల యెట్టిదో చూచుకొనుట మీ యందఱికి తెలిసిన పనియే గదా. నల్లరేగడికి తగిన విత్తనము ఎఱ్ఱచెలకకు తగదు. రీలు సంగతియు నట్టిదే. ఏ రీలును దానంతట అది మంచిది కాదు, చెడ్డది కాదు. తనకు తగిన నీళ్లలో పడినచో మంచిది. తగని నీళ్లలో పడినచో సర్వనాశనము.

పూర్వమీ చిక్కు లేదు. చిన్న పట్టణములలోని స్టూడియో యజమాని తానే బొమ్మ తీసి, తన చీఁకటిగదిలో తన చేతితోనే రీలు కడిగి, అచ్చు వేసి యిచ్చెడివాఁడు. మన దేశమునందే ఉదకమండలమున 1960లో స్థాపింపఁబడిన హిందూస్థాన్ ఫొటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ రీళ్లు మీలో కొందఱకు జ్ఞప్తి యుండును. ఆ కర్మాగారము తరువాత మూతపడినది. రంగుల బొమ్మలు వ్యాపించిన పిదప చేతితోఁ గడుగు పని తగ్గి, రీలును ఒకవైపు మింగి రెండవవైపు కడిగి యిచ్చు యంత్రములు పట్టణములకు వచ్చినవి. ఆ యంత్రములు రంగుల రీలు కొఱకే యేర్పడినవి. నలుపు తెలుపు రీలును వానిలో వేసినచో ఏమగునో తెలియవలెనన్న, రీలులో నేమున్నదో ముందు తెలిసికొనవలెను.

రీలనఁగా పలుచని ప్లాస్టికు పట్టీ. దానిమీఁద జెలటిను అను జిగురు పూఁత యుండును. ఆ జిగురులో వెండి లవణముల సూక్ష్మకణములు చెదరియుండును. కెమెరా కన్ను తెఱచినప్పుడు వెలుతురు సోఁకిన కణములలో ఒక మాఱ్పు కలుగును. అది కంటికి కానరాదు. పెరుగు తోడుపెట్టిన పాలు మొదట పాలవలెనే యుండును గదా, అట్లే యీ రీలును ఏమియు జరుగనట్లే యుండును. దానిని డెవలపరు అను మందునీళ్లలో ముంచినప్పుడు, వెలుతురు సోఁకిన కణములు శుద్ధమైన వెండిగా మాఱును. అంత సూక్ష్మముగా నున్న వెండి మనకు తెల్లగాఁ గాక నల్లగాఁ గనఁబడును. పిమ్మట ‘హైపో’ అను మందునీళ్లలో ముంచినచో, వెలుతురు సోఁకని లవణము కరఁగిపోవును. నల్లని వెండి మాత్రము పట్టీపై నిలుచును. ఆ వెండియే బొమ్మ. మామూలు నలుపు తెలుపు నెగెటివులో వెండి తప్ప వేఱు బొమ్మ లేదు. ఈ మాటను దయచేసి జ్ఞప్తియం దుంచుకొనుఁడు.

రంగుల రీలులోను మొదట పని చేయునది వెండి లవణమే. కాని అందు పొరపొరకును రంగు పుట్టించు ద్రవ్యములు గూడ కలిపియుందురు. డెవలపరు వెండిపై పని చేయుచుండఁగా, ఆ పనిలో వాడఁబడిన మందు ఆ ద్రవ్యములతోఁ గలిసి అచ్చటనే రంగు పుట్టును. రంగు పుట్టిన తరువాత వెండితో నిఁక పని లేదు. పైఁగా అది నిలిచినచో రంగులను మాపును. అందుచేత ‘బ్లీచు’ అను మఱియొక మందునీళ్లలో ఆ వెండిని తిరిగి లవణముగా మార్చి, పిమ్మట హైపోవంటి మందుతో నంతయు కడిగివేయుదురు. తుదకు రంగు మాత్రమే మిగులును. ఈ విధానమునకు ‘సి-41’ అని పేరు. కొడాక్ కంపెనీవారు దీనిని 1972లో ప్రవేశపెట్టిరి. డెవలపరు వేఁడి 37.8 డిగ్రీలు, కాలము 3 నిమిషముల 15 సెకండ్లు. ఈ విధానమునకుఁ జెందిన రంగుల రీలు ఏ కంపెనీవారిదైనను ఇదే వేఁడి, ఇదే కాలము. కనుకనే యంత్రము ఏ సందేహమును లేక పని చేయఁగలుగుచున్నది.

ఇప్పుడు మామూలు నలుపు తెలుపు రీలును ఆ యంత్రములో వేసితి మనుకొనుఁడు. డెవలపరులో వెండిబొమ్మ చక్కఁగనే పుట్టును. తరువాత బ్లీచు వచ్చి ఆ వెండిని పట్టుకొనును. ఆ రీలులో రంగు పుట్టించు ద్రవ్యము లేదు గనుక వెండి పోయిన చోట ఏమియు మిగులదు. యంత్రమునుండి వెలుపలికి వచ్చునది ఖాళీ పట్టీ. బొమ్మ పుట్టి, ఎవరి కంటను బడక, కాలువలో కలిసిపోయినది. దానిని తిరిగి తెచ్చు ఉపాయము లోకములో లేదు.

ఇది ఊహించి చెప్పుచున్న మాట కాదు. మా ప్రాంతపు రైతొకఁడు తన తల్లి కడసారి సంక్రాంతినాఁడు మనుమఁడు తీసిన రీలును నాయొద్దకుఁ దెచ్చెను. అప్పటికి ఆమె గతించి మూఁడు మాసములైనది. రీలు కడిగినవారు “ఇందులో బొమ్మలు పడలేదు, కెమెరా చెడినట్లున్నది” అని చెప్పి పంపిరఁట. ఆతఁడు పట్టీని వెలుతురునకెత్తి పట్టి, “బాబుగారూ, మా యమ్మ దీనిలో ఎక్కడో యుండవలెను గదా, మీరైనను చూచి చెప్పుఁడు” అనెను. నేను పట్టీ అంచులు చూచితిని. అంచున నొక్క అంకెయు లేదు. అంతటితో సంగతి తేటపడినది. కెమెరాలో దోషము లేదు. వెండి రీలును రంగుల నీళ్లలో కడిగిరి. మనుమనికి రీలునందలి భేదము తెలియదు. యంత్రము నడుపు కుఱ్ఱవానికి డబ్బీమీఁది వ్రాఁత చదువు నలవాటు లేదు. ఇద్దఱిలో నెవ్వరికిని ద్వేషము లేదు, దురుద్దేశము లేదు. అయినను ఆ తల్లి బొమ్మ పోయినది.

అంచు అంకెల సంగతి మీకును ఉపయోగపడును గాన చెప్పెదను. రీలు తయారగునప్పుడే దాని అంచున కంపెనీ పేరును, బొమ్మల వరుస అంకెలును వెలుతురుతో అచ్చొత్తుదురు. రీలు సరిగాఁ గడిగినప్పుడు అవి తప్పక పైకి వచ్చును. అంచున అంకెలుండి నడుమ బొమ్మ లేకున్నచో రీలు కెమెరాలో తిరుగలేదని, లేదా వెలుతురు లోనికి పోలేదని యర్థము. అంకెలును లేక పట్టీ యంతయు ఖాళీగా నున్నచో తప్పు కడుగుటలోనిదని యర్థము. తగవు తీర్పఁగోరు పెద్దలకు ఇది మంచి సాక్ష్యము.

ఇఁక పరిహారము. నలుపు తెలుపు రీళ్లలో రెండవ జాతి యొకటి కలదు. చూచుటకు నలుపు తెలుపు బొమ్మయే యిచ్చును గాని, దాని కడుపులో రంగుల రీలువలె రంగు పుట్టించు ద్రవ్యముండును. పుట్టు రంగు నలుపునకు దగ్గఱది. కనుక దానిని రంగుల యంత్రములోనే కడుగవచ్చును. వెండి పోయినను నల్లని రంగు నిలుచును. ఇంగ్లండులోని ఇల్‌ఫర్డ్ కంపెనీవారు 1980 ప్రాంతమున ‘ఎక్స్‌పి1’ అను పేర ఇట్టి రీలును తెచ్చిరి. నేఁడు దొరకునది దాని సంతతియైన ‘ఎక్స్‌పి2 సూపర్’. కొడాక్ వారును ‘బిడబ్ల్యు400సిఎన్’ అను నిట్టి రీలు నమ్మిరి గాని, 2014లో దానిని నిలిపివేసిరి. ఇంట పాత రీలేదైన నున్నచో డబ్బీమీఁద ‘సి-41’ అను నక్షరములను వెదకుఁడు. అవి యున్నచో రంగుల యంత్రములో వేయవచ్చును. అవి లేని నలుపు తెలుపు రీలును ఎవ్వరు చెప్పినను వేయనీయరాదు.

ఎక్స్‌పి2 సూపర్‌నకు మఱియొక గుణము కలదు. రీలు చుఱుకుఁదనమును అంకెలతోఁ జెప్పుదురు. 100 అంకె గల రీలుకంటె 400 అంకె గల రీలు నాలుగింతలు చుఱుకైనది, అనఁగా నాలుగవవంతు వెలుతురుతోనే బొమ్మ పట్టును. ఎక్స్‌పి2 అంకె 400. అయినను కడుగుటలో నేమాత్రమును మార్పు లేకయే దానిని 50 మొదలు 800 వఱకు ఏ యంకెకైనను తీయవచ్చునని తయారుచేసినవారే చెప్పుచున్నారు. వెలుతురు కొంత యెక్కువైనను బొమ్మ చెడదు. పైఁగా రవ్వతనము తగ్గి నునుపగును. పాత కెమెరాలలో వెలుతురు కొలుచు సాధనము పని చేయకుండుట సామాన్యము. ఎండనో నీడనో చూచి అంచనాతో తీయువానికి ఈ గుణము గొప్ప యూఁత. అయితే ఒక్క మాట. ఎక్కువ వెలుతురును సహించినట్లు ఇది తక్కువ వెలుతురును సహింపదు. సందేహము కలిగినచో వెలుతురు కొంచె మెక్కువగా నిచ్చుటయే మేలు.

దీనిని రంగుల కాగితముపై అచ్చు వేసినప్పుడు కొన్నియెడల బొమ్మకు పచ్చచాయయో, ఇటుకచాయయో తగులును. అది రీలు దోషము కాదు, అచ్చు యంత్రమును సరిదిద్దకపోవుటచే వచ్చినది. “చాయలేమియు లేని నలుపు తెలుపు కావలె” నని గట్టిగా చెప్పినచో సరిచేసి యిత్తురు.

అట్లయిన అందఱును ఎక్స్‌పి2 యే కొనవలెనా? కాదు. వెండి రీలును చేతితోఁ గడుగువారు నేఁడును కలరు. పెద్ద నగరములలోని కొన్ని ల్యాబులవారు టపాలో రీలు తెప్పించుకొని, కడిగి తిరిగి పంపుదురు. అట్టివారు దొరకినచో వెండి రీలే కొనవచ్చును. కాని వారిని ముందుగా మూఁడు ప్రశ్నలడుగవలెను. నలుపు తెలుపు రీలును మీరే కడుగుదురా, మఱియొకచోటికి పంపుదురా? ఏ డెవలపరు వాడుదురు? మందునీళ్ల వేఁడిని ఎన్ని డిగ్రీలలో నిలుపుదురు? తడుముకొనక సమాధానము చెప్పువారియొద్దనే రీలు విడువుఁడు.

మూఁడవ ప్రశ్న వట్టిది కాదు. వెండి రీలును సాధారణముగా 20 డిగ్రీలలో కడుగుదురు. ఉదాహరణమునకు ఇల్‌ఫర్డ్ వారి ‘హెచ్‌పి5 ప్లస్’ అను 400 అంకె రీలును, వారి ‘ఐడి-11’ అను డెవలపరులో నీరు కలపక వాడినప్పుడు, 20 డిగ్రీల వేఁడిలో ఏడున్నర నిమిషములు ఉంచవలెను. మన యెండకాలపు కుళాయినీరు 30 డిగ్రీలు దాఁటుట కద్దు. నీరు వేఁడెక్కినకొలఁది మందు వేగముగా పని చేయును. కాలము తగ్గింపకున్న బొమ్మ మసిబాఱును. మఱీ తగ్గించినచో అచ్చటచ్చట సమముగా తేలదు. కాఁబట్టి మంచుగడ్డలతోనైనను నీటిని చల్లార్చి, గడియారము చూచుచుఁ గడుగు శ్రద్ధ గలవాఁడు కావలెను.

పలువురి రీళ్లను ఒకే తొట్టిలో, ఒకే కాలపరిమితితోఁ గడుగుటయు ల్యాబులలో వాడుకయే. అట్టిచో కొంచెము హెచ్చుతగ్గులను ఓర్చుకొను రీలు మంచిది. హెచ్‌పి5 ప్లస్, కొడాక్ వారి ‘ట్రై-ఎక్స్ 400’, ఎండకు తగిన ‘ఎఫ్‌పి4 ప్లస్’ అను 125 అంకె రీలు, ఇవి పాత తరహా రీళ్లు, ఓర్పు గలవి. ‘డెల్టా’, ‘టి-మ్యాక్స్’ అను పేరుగలవి కొత్త తరహావి. వానిలో రవ్వ సన్నముగా నుండును, బొమ్మ మిక్కిలి తేటగా వచ్చును. కాని కడుగువేళ వేఁడిలోను, కాలములోను తప్పినచో ఆ తప్పు వానిలో నెక్కువగాఁ గనఁబడును. ఓర్పుగల ఎద్దును ఎవరైనను తోలవచ్చును, చుఱుకైన ఎద్దునకు చేయి తిరిగినవాఁడు కావలెను. కడుగువాని నేర్పు తెలియనంతవఱకు మొదటి జాతియే క్షేమము. వానిలో పొలము, గుడి, రచ్చబండ మున్నగు ఎండలోని బొమ్మలకు 125, వసారాలోను ఇంటిలోపలను తీయువానికి 400 కొనవలెను.

‘ఆర్తో’ అని వ్రాసియున్న రీళ్లును దొరకును. వానికి ఎఱుపు కానరాదు. ఎఱ్ఱచీర నల్లచీరయగును, కుంకుమబొట్టు కాటుకబొట్టగును, మన మేనిచాయ ఉన్నదానికంటె నల్లగాఁ బడును. ముత్తయిదువుల బొమ్మలకు అవి తగవు. పైఁ జెప్పిన తక్కిన రీళ్లన్నియు అన్ని రంగులను గ్రహించునవే.

ఇంకొక విచారము మిగిలినది. ఏది యెక్కువకాలము నిలుచును? ఈ విషయమున వెండిదే పైచేయి. ఆఱవ నిజాము మహబూబ్ అలీఖాన్ కొలువున ఛాయాగ్రాహకుఁడై, సికింద్రాబాదులో స్టూడియో నడపి, 1905లో గతించిన రాజా దీనదయాళ్ పేరు మీరు వినియుందురు. ఆయన గాజుపలకలమీఁద వెండితో పట్టిన బొమ్మలు వేలకొలఁదిగా నేఁడును ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రమున నున్నవి. ఆనాఁటి మనుష్యులు పోయిరి, కొలువులు పోయినవి, బొమ్మలు నిలిచినవి. చక్కఁగాఁ గడిగి, హైపో పూర్తిగా వదలునట్లు మంచినీటిలో జాడించిన వెండి నెగెటివు నూఱేండ్లు దాఁటియు నిలువఁగలదు. రంగుతో నైన బొమ్మ వేఁడికి, చెమ్మకు క్రమముగా వెలియును. ఎక్స్‌పి2 బొమ్మయు రంగుబొమ్మయే గనుక దానిని మఱింత శ్రద్ధతో దాఁచవలెను. మనుమని మనుమఁడు చూడవలెనన్న కోరిక గలవారు, నేర్పరి దొరకినచో, వెండి రీలునే కోరుకొనుట యుక్తము.

రీలు నిచ్చునప్పుడు చేయవలసిన పనులు నాలుగు. రీలు డబ్బీమీఁద కాగితము అంటించి, వెండి రీలైనచో “నలుపు తెలుపు మందులోనే కడుగవలెను, సి-41 లో వేయరాదు” అని సిరాతో వ్రాయుఁడు. రసీదుపైఁ గూడ అదే మాట వ్రాయించుకొనుఁడు. బొమ్మలను కంప్యూటరులోని కెక్కించువానితో, దుమ్మును దానంతటనే తుడుచు ఏర్పాటును వెండి రీలునకు వాడవద్దని చెప్పుఁడు. ఆ యేర్పాటు వెండినే దుమ్మనుకొని బొమ్మను చెఱచును. నాల్గవది అన్నిటికంటె ముఖ్యము. నెగెటివులు తప్పక తిరిగి తీసికొనుఁడు. కొందఱు కంప్యూటరు బొమ్మలు పంపి నెగెటివులను పాఱవేయుదురు. పంట ఇంటికి తెచ్చుకొని విత్తనపు గింజలు కళ్లములో విడిచి వచ్చువాఁడుండునా? తెచ్చిన నెగెటివులను శుభ్రమైన కాగితపు కవరులలో నుంచి, పొయ్యి సెగ తగిలెడి అటకమీఁదఁ గాక చల్లని పొడిచోట దాఁచుఁడు.

మొత్తముమీఁద చెప్పవలసినది యిది. దగ్గఱలో కలరు యంత్రము మాత్రమే యున్నచో సి-41 గుర్తుగల ఎక్స్‌పి2 కొనుఁడు. శ్రద్ధగా చేతితోఁ గడుగువాఁడు దొరకినచో వెండి రీలు కొనుఁడు. ఈ రెంటిలో నేదియు రూఢిగా తెలియనిచో రీలును కడిగింపక డబ్బీలో మూసి చల్లనిచోట నుంచుఁడు. కొన్నివారములు ఆగినందువలన బొమ్మ పోదు. తగని నీళ్లలో పడిన మూఁడు నిమిషములలో బొమ్మకు పట్టిన వెండి, ఆ వెనుకటి బ్లీచులో నిలువదు. ఇంటికి మనుమఁడు కెమెరాతో వచ్చినప్పుడు, “నాయనా, ఈ రీలును ఎవరు కడుగుదురు?” అని యొక్క ప్రశ్న యడుగుఁడు. సమాధానము విన్న పిదపనే అరుగుమీఁద గూర్చుండి బొమ్మ తీయించుకొనుఁడు.